మూడే కాళ్ల కుందేలు: అలవాటుపడిన ఆలోచనపై పాఠకుల ప్రశ్నలు

కొత్తగా ఆలోచించడానికి మీకు అడ్డు వస్తున్నదేమిటని గత సంచికలో ఈ శీర్షిక ద్వారా అడిగాను. డబ్బు లేదనో, తీరిక లేదనో రాస్తారని అనుకున్నాను గాని, ఉత్తరాలు రాసినవారిలో చాలామంది తమ బుద్ధే తమకు అడ్డు వస్తున్నదని చెప్పుకున్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించే మనిషి ఎదుటివాడైతే మనకు నవ్వు వస్తుంది. ఆ మనిషి తామేనని గుర్తించి రాసిన ఈ పాఠకుల నిజాయితీకి ముందుగా నమస్కారం. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, పేర్లు వద్దని కొందరు కోరినందువల్ల అందరి పేర్లనూ విడిచిపెట్టి, సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: యంత్ర భాగాల రూపకల్పనలో నాకు 18 ఏళ్ల అనుభవం ఉంది. ఏ కొత్త పని అప్పగించినా, కాగితం మీద పెన్సిల్ పెట్టగానే ఎప్పుడో గీసిన బొమ్మే మళ్లీ వస్తున్నది. నిన్న మొన్న చేరిన కుర్రవాడు నాకు తట్టని మార్గం చూపించాడు. నా అనుభవమే నాకు శత్రువైందా? దాన్ని వదిలించుకోవడం ఎలా?
— ఒక డిజైన్ ఇంజినీరు

సమాధానం: తరగతిలో ఉపాధ్యాయుడు ప్రశ్న పూర్తి చేయకముందే చెయ్యెత్తే విద్యార్థి ఒకడు ఉంటాడు చూడండి, మీ అనుభవం అటువంటిది. అతడు చెప్పే జవాబు చాలాసార్లు సరైనదే కావడం వల్ల మిగిలినవారిని అడగడం మానేస్తాము. కొంతకాలానికి మిగిలినవారు ఉన్నారన్న సంగతే మరచిపోతాము.

అబ్రహాం లూచిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1942లో ప్రచురించిన ఒక ప్రయోగాన్ని మీరు ఇప్పుడే కాగితం మీద చేసి చూడవచ్చు. మూడు జాడీలు ఉన్నాయి; వాటిలో వరుసగా 21, 127, 3 కొలతల నీరు పడుతుంది. మనకు సరిగ్గా 100 కొలతలు కావాలి. రెండవ జాడీని నింపి, దానిలోనుంచి మొదటి జాడీతో ఒకసారి, మూడవ జాడీతో రెండుసార్లు నీరు తీసేస్తే 100 మిగులుతుంది. ఇదే పద్ధతిలో తేలే లెక్కలు అయిదు చేయించిన తరువాత, లూచిన్స్ 23, 49, 3 కొలతల జాడీలు ఇచ్చి 20 కొలతలు అడిగాడు. పాత పద్ధతి ఇక్కడా పనిచేస్తుంది. అయితే మొదటి జాడీ నింపి మూడవ జాడీతో ఒక్కసారి తీసేస్తే పని అయిపోతుంది. పాత లెక్కలు చేసి వచ్చినవారిలో ఎక్కువమంది చుట్టుదారినే పట్టారు. ఆ లెక్కల జోలికి పోకుండా నేరుగా ఈ లెక్క చూసినవారికి దగ్గరి దారి సులువుగానే దొరికింది. తరువాత 28, 76, 3 కొలతల జాడీలతో 25 కొలతలు తెమ్మన్నాడు. పాత పద్ధతి ఇక్కడ పనిచేయదు, మొదటి దానిలోనుంచి మూడవది తీసేయడం ఒక్కటే దారి. అంత చిన్న లెక్క దగ్గర కూడా పలువురు ఆగిపోయారు. అయిదు లెక్కల సాధన చేయగలిగిన పని ఇది. మీది 18 ఏళ్ల సాధన!

మీ పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉన్నది చెస్ ఆటగాళ్లతో బిలాలిచ్, మెక్‌లియోడ్, గోబే అనే ముగ్గురు పరిశోధకులు చేసి 2008లో ప్రచురించిన ప్రయోగం. వారు బల్ల మీద పేర్చిన స్థితిలో, అనుభవజ్ఞులందరికీ తెలిసిన అయిదు ఎత్తుల గెలుపు ఒకటి, అంత పరిచయం లేని మూడు ఎత్తుల గెలుపు మరొకటి ఉన్నాయి. తెలిసిన గెలుపు కంటపడిన తరువాత, దీనికంటే పొట్టిది ఉందేమో వెతకమని చెప్పారు. వెతికామని ఆటగాళ్లు చెప్పారు, ఆ మాట మనస్ఫూర్తిగానే చెప్పారు. చూపు ఏ గడి మీద నిలుస్తున్నదో నమోదు చేసే పరికరం మాత్రం, వారి కళ్లు మొదటి గెలుపుకు సంబంధించిన గడుల చుట్టూ గానుగెద్దులా తిరుగుతున్నాయని చూపించింది. తెలిసిన గెలుపు సాధ్యపడకుండా బల్ల మీద చిన్న మార్పు చేస్తే, పొట్టి గెలుపు వారికి కనిపించింది. మీకు ధైర్యం కలిగించే మాట కూడా ఈ పరిశోధనలో ఉంది. ఆటలో స్థాయి పెరిగేకొద్దీ ఈ చిక్కు తగ్గుతూ వచ్చింది, అత్యున్నత స్థాయివారు దీనిలో అతి తక్కువగా పడ్డారు. కాబట్టి అనుభవాన్ని వదిలించుకోమని నేను చెప్పను.

మీరు చేయదగిన పని ఆ ప్రయోగంలోనే కనిపిస్తుంది. పాత బొమ్మతో పెనుగులాడకండి. మొదటి కాగితం మీద దాన్నే పూర్తిగా గీసి పక్కన పెట్టండి. మనసులో అర్ధంతరంగా మిగిలిన బొమ్మ పదేపదే తిరిగి వస్తుంది గాని, కాగితం మీదికి దిగిన బొమ్మ కొంత శాంతిస్తుందని నా సొంత అనుభవం. తరువాత ఆ బొమ్మ ఏ భాగం మీద నిలబడి ఉందో గుర్తించి, దాన్ని నిషేధించండి. అది పళ్లచక్రమైతే, పళ్లచక్రం అనే వస్తువు ప్రపంచంలో లేదనుకొని రెండవ కాగితం తీయండి. అలా వచ్చిన రెండవ బొమ్మ ఆచరణకు పనికిరాకపోవచ్చు, చాలాసార్లు రాదు కూడా. అయినా మీ చూపు పాత గడుల నుంచి కదులుతుంది.

ప్రశ్ననే మార్చి వేసుకోవడం ఇంకొక మార్గం. మనిషి తన కాళ్ల బలంతో నడిపే విమానానికి బ్రిటిష్ పారిశ్రామికవేత్త హెన్రీ క్రెమర్ 1959లో ఒక బహుమతి ప్రకటించాడు. అర మైలు ఎడంలో ఉన్న రెండు గుర్తుల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో ఎగిరి రావడం దానిలోని ముఖ్యమైన షరతు. విమాన నిర్మాణం బాగా తెలిసిన బృందాలు నునుపైన, అందమైన రెక్కలతో ప్రయత్నించినా 18 ఏళ్లపాటు ఆ బహుమతి ఎవరికీ అందలేదు. అమెరికన్ ఇంజినీరు పాల్ మెక్‌క్రెడీ, మంచి విమానం ఎలా ఉండాలన్న ఆలోచనను పక్కనపెట్టి, అతి తక్కువ శక్తితో గాలిలో నిలబడాలంటే ఏమి కావాలని లెక్క వేశాడు. మనిషి వేలాడుతూ ఎగిరే గ్లైడరును బరువు పెంచకుండా పరిమాణం మాత్రం పెంచుకుంటూ పోతే, ఎగరడానికి కావలసిన శక్తి తగ్గుతూ వస్తుందని తేలింది. అల్యూమినియం గొట్టాలు, తీగలు, పలుచని ప్లాస్టిక్ పొరతో, దాదాపు 29 మీటర్ల రెక్కలు, 32 కిలోల బరువు గల గాసమర్ కాండర్ అలా తయారైంది. కూలినప్పుడల్లా త్వరగా అతికించి, మార్పులు చేసి, మళ్లీ ఎగరేయడానికి అనువైన కట్టడం అది. 1977 ఆగస్టు 23న ఆ బహుమతి దానికి దక్కింది. మెక్‌క్రెడీ వైమానిక శాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు, గ్లైడర్ పోటీల్లో ప్రపంచ విజేత. కొత్త కుర్రవాడు కాడని మీకు ప్రత్యేకంగా గుర్తు చేస్తున్నాను.

ప్రశ్న: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మా నాన్నగారు అనేవారు. పాత ఆలోచనలను దగ్గరికి రానివ్వకూడదని రోజూ ఉదయం సంకల్పం చెప్పుకుంటున్నాను. అవి మరింత పట్టుదలగా వస్తున్నాయి. 21 రోజులు పట్టుబడితే ఏ అలవాటైనా మారుతుందని ఒక శిక్షణ తరగతిలో చెప్పారు. నాకు మూడు నెలలు దాటింది. లోపం నాలోనే ఉందా?
— ఉద్యోగ విరమణకు దగ్గరలో ఉన్న పాఠకుడు

సమాధానం: మీలో లోపమేమీ లేదు, మీరు ఎంచుకున్న ఉపాయంలో ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ బృందం 1987లో ప్రచురించిన ప్రయోగంలో, కొందరిని కూర్చోబెట్టి, అయిదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని, తలపుకు వస్తే గంట కొట్టమని చెప్పారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తరువాత ఇక తలచుకోవచ్చని అనుమతి ఇచ్చినప్పుడు, మొదటినుంచీ తలచుకోవడానికి అనుమతి ఉన్నవారికంటే వీరికే ఎలుగుబంటి ఎక్కువసార్లు తలపుకు వచ్చింది. ఒక ఆలోచన రాకుండా కాపలా కాయాలంటే ఆ ఆలోచన ఎలా ఉంటుందో కాపలావాడు గుర్తుంచుకోవాలి కదా. మీ ఉదయపు సంకల్పం రోజూ చేస్తున్న పని అదే.

అదే పరిశోధనలో మరొక భాగం ఉంది, దాన్ని ఉపన్యాసకులు సాధారణంగా చెప్పరు. ఎలుగుబంటి గుర్తుకు వస్తే దానికి బదులు ఎర్రని ఫోక్స్‌వ్యాగన్ కారును తలచుకోమని కొందరికి చెప్పారు. వారిలో ఆ తరువాతి ఉప్పెన తగ్గింది. ఖాళీ చేయమంటే మనసు వినలేదు గాని, ఆ ఖాళీలో పెట్టడానికి మరొకటి ఇస్తే విన్నది. మీకు కూడా అటువంటి కారు ఒకటి కావాలి. ఏదైనా కొత్త ప్రతిపాదన వినగానే "ఇది జరగదు" అనే మాట మీ మనసులో లేస్తుందనుకుందాం. దాన్ని అణచవద్దు. అది లేచిన వెంటనే "ఏ షరతు మారితే జరుగుతుంది?" అనే ప్రశ్నను దాని పక్కన నిలబెట్టండి. మొదటి మాట వచ్చినప్పుడల్లా రెండవది రావడం కొంతకాలానికి దానంతట అదే జరుగుతుంది. పాత అలవాటు పోయిందని దాని అర్థం కాదు, దానికి ఒక తోడు దొరికిందని అర్థం.

ఇక 21 రోజుల లెక్క. ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్, తన రోగులు మారిన ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతున్నదని గమనించి 1960లో రాశాడు. చేతులు మారేకొద్దీ ఆ మాటలోని "కనీసం" రాలిపోయింది, ముఖం స్థానంలో అన్ని అలవాట్లూ వచ్చి చేరాయి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక చిన్న దైనందిన పని అప్రయత్నంగా జరిగే స్థితికి చేరడానికి సగటున 66 రోజులు పడుతుందని, మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల వరకు ఉంటుందని అంచనా వేశారు. అది కూడా తినడం, తాగడం, నడవడం వంటి పనుల సంగతి. ఆలోచన పద్ధతికి అంతకంటే తక్కువ కాలం పడుతుందని ఆశించడానికి కారణం నాకు కనిపించదు. మధ్యలో ఒక రోజు తప్పిపోయినంత మాత్రాన పెద్ద నష్టం జరగలేదని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. మూడు నెలలకే నిరాశపడకండి.

ప్రశ్న: పిల్లలందరూ సృజనశీలురుగా పుడతారని, బడి వారిని చెడగొడుతుందని ఎక్కడ చూసినా రాస్తున్నారు. 22 ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు ఈ మాట చదివినప్పుడల్లా దోషిగా నిలబడినట్టు అనిపిస్తుంది. ఇది నిజమేనా?
— ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: సగం నిజం, అమ్మా, మిగిలిన సగం విసుగు పుట్టించే నినాదం.

నిజమైన సగం ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ డంకర్ రూపొందించిన ఒక సమస్య చాలా ప్రసిద్ధం. బల్ల మీద కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, ఒక పెట్టె నిండా గుండుసూదుల వంటి పొట్టి మేకులు ఉన్నాయి. కొవ్వొత్తిని గోడకు నిలపాలి. పెట్టెను ఖాళీ చేసి, దాన్నే మేకులతో గోడకు బిగించి, దాని మీద కొవ్వొత్తి నిలపడం పరిష్కారం. పెట్టెలో మేకులు పోసి ఇచ్చినప్పుడు చాలామందికి ఇది తట్టలేదు, పెట్టెను ఖాళీగా ఇచ్చినప్పుడు తేలికగా తట్టింది. నిండుగా ఉన్న పెట్టె "నేను పాత్రను" అని చెబుతున్నది, ఆ మాట విన్నవారికి అది కొవ్వొత్తిని నిలిపే పీటగా కనిపించదు. టిమ్ జర్మన్, మార్గరెట్ డెఫెయిటర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇటువంటి సమస్యనే పిల్లలకు ఇచ్చి 2000లో ఫలితాలు ప్రచురించారు. పెట్టెను ముందుగా వస్తువులు పెట్టే పాత్రగా చూపిస్తే, ఆరేడేళ్ల పిల్లలు దాన్ని ఎత్తుపీటగా వాడటానికి ఎక్కువ సమయం తీసుకున్నారు. అయిదేళ్లవారిలో ఆ తేడా కనిపించలేదు. వస్తువు ఏ పనికోసం తయారైందన్న భావన వారి మనసులో ఇంకా గట్టిపడలేదని పరిశోధకుల వివరణ.

అయిదేళ్లకు లేనిది ఆరేడేళ్లకు వచ్చిందంటే బడి చెడగొట్టిందని తీర్పు చెప్పడం తొందరపాటు. కత్తి కోయడానికి, చెంచా తినడానికి అని తెలుసుకోవడం ఎదుగుదలలో భాగం. ఆ జ్ఞానం లేకుండా ఏ పిల్లవాడూ క్షేమంగా పెరగలేడు. పైగా అయిదేళ్ల బిడ్డ పెట్టెను పీటగా వాడగలడు గాని, ఆ పీట ఎంత బరువు ఆపుతుందో చెప్పలేడు. కొత్త ఆలోచన పనికివచ్చేదిగా మారడానికి ఆ రెండవ జ్ఞానమూ కావాలి, దాన్ని ఇచ్చేది మీరు.

తరగతిలో మీరు మార్చదగిన విషయం ఒకటి ఉంది. ఒకే పద్ధతిలో తేలే లెక్కలను వరుసగా ఇరవై చేయించే సంప్రదాయం అన్నిచోట్లా ఉంది. మొదటి సమాధానంలో లూచిన్స్ జాడీల సంగతి చదివారు గనుక దాని ప్రమాదం మీకు అర్థమవుతుంది. అయిదారు లెక్కలకు ఒకటి వేరే పద్ధతిలో తేలేది కలపండి. ఆ ఒక్క లెక్కను ముందుగా చెప్పకుండా కలపండి.

ప్రశ్న: నేను ఒక చిన్న తయారీ సంస్థ నిర్వహిస్తున్నాను. కాగితాలు వదిలి అంతా కంప్యూటర్ మీదికి మార్చాము. ఖర్చు పెరిగింది, పని మాత్రం పాత వేగంతోనే సాగుతున్నది. సాంకేతికత మారినా మనుషుల బుర్రలు మారకపోతే ఇంతేనా?
— ఒక నిర్వాహకుడు

సమాధానం: మీ మనుషులను తిట్టుకునే ముందు, వంద ఏళ్ల కిందట మీకంటే పెద్ద సంస్థలకు జరిగినది వినండి. ఈ ప్రశ్న నాకు ప్రత్యేకంగా ఇష్టమైనది కనుక సమాధానం కొంత పొడుగైతే మన్నించాలి.

ఆవిరియంత్రంతో నడిచే కర్మాగారంలో యంత్రం ఒక్కటే ఉండేది. దాని శక్తి కప్పు కింద పొడుగునా తిరిగే ఇనుప కడ్డీల ద్వారా, వాటినుంచి దిగిన తోలు బెల్టుల ద్వారా ప్రతి పనిముట్టుకూ చేరేది. కడ్డీ పొడవు పెరిగేకొద్దీ రాపిడిలో శక్తి వృథా అయ్యేది కాబట్టి, పనిముట్లన్నీ యంత్రానికి వీలైనంత దగ్గరగా ఉండేట్టు అంతస్తుల మీద అంతస్తులు కట్టేవారు. ఏ పని తరువాత ఏ పని జరగాలన్నదానికంటే, ఏ పనిముట్టుకు ఎంత శక్తి కావాలన్నదాన్ని బట్టే వాటి స్థానాలు నిర్ణయమయ్యేవి. ఒక్క పనిముట్టు నడవాలన్నా కడ్డీలన్నీ తిరగవలసిందే.

1880లలో విద్యుత్తు అమ్మకానికి వచ్చింది. 1882లో న్యూయార్కులో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైంది. కర్మాగారాల యజమానులు మొదట ఏమి చేశారంటే, ఆవిరియంత్రాన్ని పెరికి, ఆ స్థానంలోనే ఒక పెద్ద విద్యుత్ మోటారు పెట్టారు. కడ్డీలు, బెల్టులు, అంతస్తులు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. లాభం స్వల్పం. ప్రతి పనిముట్టుకూ దాని సొంత చిన్న మోటారు బిగించవచ్చునని, అప్పుడు కడ్డీలే అక్కరలేదని, కడ్డీలు లేకపోతే అంతస్తులూ అక్కరలేదని, సరుకు నడిచే వరుసలో పనిముట్లను ఒకే నేల మీద పరచుకోవచ్చునని గ్రహించి ఆచరణలోకి తేవడానికి దశాబ్దాలు పట్టింది. అమెరికా కర్మాగారాల ఉత్పాదకతలో పెద్ద పెరుగుదల 1920లలో గాని కనిపించలేదు. ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో ఈ చరిత్రను గుర్తు చేసింది కంప్యూటర్ల గురించే: కంప్యూటర్లు అన్నిచోట్లా కనిపిస్తున్నా ఉత్పాదకత లెక్కల్లో ఎందుకు కనిపించడం లేదని అప్పట్లో అందరూ అడుగుతుండేవారు.

ఆ యజమానులు మందబుద్ధులు కారు. కట్టిన భవనం ఎదురుగా ఉంది, దాని మీద పెట్టిన పెట్టుబడి ఇంకా తీరలేదు. అలవాటు వారి తలలోనే కాక గోడల్లోనూ, జమాఖర్చుల్లోనూ ఉంది. మీ సంస్థలో కూడా అంతే జరిగిందని అనుకుంటున్నాను. నాలుగు సంతకాలు కావలసిన కాగితం ఇప్పుడు నాలుగు అనుమతులు కావలసిన తెరగా మారి ఉంటుంది. ఆ నాలుగు సంతకాలు ఎందుకు పుట్టాయో వెతకండి. కాగితం ఒక్కటే ప్రతి ఉండటం వల్ల, అది ఎవరి దగ్గర ఉన్నదో తెలియడానికి కొన్ని సంతకాలు పుట్టి ఉండవచ్చు. ఎవరు ఏమి చేశారో కంప్యూటరే నమోదు చేస్తున్నప్పుడు ఆ సంతకాలు కడ్డీల వంటివి.

తీసేయడం అనేది మనకు అంత తేలికగా తట్టదు సుమా. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, ఒక కట్టడాన్నో, ఒక వ్యాసాన్నో, ఒక ప్రయాణ ప్రణాళికనో మెరుగుపరచమంటే, ఉన్నదానిలో కొంత తీసేస్తే సరిపోయే చోట కూడా ఎక్కువమంది ఏదో ఒకటి చేర్చడానికే చూశారు. తీసేయడానికి కూడా వీలుందని ఒక్క మాట గుర్తు చేస్తే, తీసేసేవారి సంఖ్య పెరిగింది. మీ తదుపరి సమావేశంలో ఏమి చేర్చాలన్న చర్చకు ముందు, ఏమి తీసేయవచ్చునన్న చర్చకు అరగంట కేటాయించి చూడండి.

ప్రశ్న: కొత్త ఆలోచనల కోసం మా కార్యాలయంలో ప్రతి శుక్రవారం అందరినీ ఒక గదిలో కూర్చోబెడతారు. మొదట పై అధికారి మాట్లాడతారు. ఆ తరువాత అందరమూ ఆయన చెప్పినదాన్నే వేరే మాటల్లో చెబుతాము. గొర్రెదాటు అంటే ఇదేనేమో! దీనివల్ల ప్రయోజనం ఉందా?
— ఒక ఉద్యోగి

సమాధానం: ఇప్పుడు జరుగుతున్న పద్ధతిలో లేదు. అందరూ కలిసి కూర్చొని ఆలోచనలు కురిపించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు అలెక్స్ ఆస్బర్న్ అనే అమెరికన్ ప్రకటనల రంగ నిపుణుడు; విమర్శను వాయిదా వేయాలని, ఎన్ని ఆలోచనలు వస్తే అంత మంచిదని అతడు పెట్టిన నియమాలు మంచివే. అయితే 1958లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పోల్చి చూసినప్పుడు, కలిసి కూర్చున్న నలుగురికంటే, విడివిడిగా కూర్చున్న నలుగురి ఆలోచనలను తరువాత కలిపితే వచ్చిన మొత్తమే ఎక్కువగా తేలింది. దీనికి ముఖ్య కారణం భయమో మొహమాటమో మాత్రమే కాదని, ఒకరు మాట్లాడుతున్నంతసేపు మిగిలినవారి ఆలోచన ఆగిపోవడమేనని 1987లో డీల్, స్ట్రోబ అనే పరిశోధకులు చూపించారు. మీ గదిలో ఆ ఒకరు పై అధికారి కూడా కావడం అదనపు భారం.

మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా, అందరూ పేరు లేని చీటీల మీద రాసి ఒకచోట వేయాలని, వాటిని చదివిన తరువాతే చర్చ మొదలు కావాలని ప్రతిపాదించండి. అధికారి చీటీ కూడా అందులోనే ఉంటుంది కనుక ఆయన నొచ్చుకోవలసింది లేదు.

ప్రశ్న: పాతదంతా వదిలేయమంటే భయం వేస్తుంది. ఏది వదలాలి, ఏది ఉంచాలి అన్నది తెలిసేది ఎలా?
— ఒక విద్యార్థిని

సమాధానం: పాతదంతా వదలమన్నవారి మాట నమ్మవద్దు. ఆ అలవాటు ఏ పరిస్థితిలో పుట్టింది, ఆ పరిస్థితి ఇంకా ఉందా అని చూడటం నేను అనుసరించే కొలమానం. ఎత్తుదూకే క్రీడాకారులు ఒకప్పుడు ఇసుకలోనో, రంపపు పొట్టులోనో దిగేవారు. అక్కడ వీపు మీద పడితే మెడ విరిగే ప్రమాదం ఉంది కనుక, కాళ్ల మీదనో, చేతుల మీదనో దిగడానికి వీలైన దూకుళ్లే ఉండేవి. మెత్తని నురుగు పరుపులు వచ్చిన తరువాత ఆ కారణం పోయింది, దూకే పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది. డిక్ ఫాస్‌బరీ అనే యువకుడు వీపును కడ్డీ వైపు తిప్పి, తల ముందుగా దాటించి, వీపు మీద దిగే పద్ధతిలో 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 2.24 మీటర్లు దూకి స్వర్ణ పతకం గెలిచాడు. నేడు పోటీల్లో దాదాపు అందరూ దూకేది అలాగే.

ఏది ఉంచుకోవాలన్నదానికి ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ మంచి ఉదాహరణ. గ్రహాలు వృత్తాల్లోనే తిరగాలన్నది అతడి కాలానికి రెండు వేల ఏళ్ల నమ్మకం. టైకో బ్రాహే అనే మరో ఖగోళ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి సేకరించిన అంగారక గ్రహ స్థానాలను వృత్తంలో ఇమిడ్చే ప్రయత్నంలో కెప్లర్ చాలా దగ్గరికి వచ్చాడు. మిగిలిన తేడా 8 ఆర్క్ నిమిషాలు, అంటే డిగ్రీలో ఏడవ వంతు కంటే కొంచెం తక్కువ. అంతటి తేడాను అంతకుముందువారు కొలతలో పొరపాటుగా భావించి ఊరుకునేవారు. టైకో కొలతల్లో అంత పొరపాటు ఉండదని కెప్లర్‌కు తెలుసు. అతడు కొలతలను ఉంచుకొని వృత్తాన్ని వదిలాడు. వదిలిన వెంటనే సమాధానం దొరకలేదు. కోడిగుడ్డు ఆకారంతో చాలాకాలం తంటాలు పడ్డాడు, ఆ లెక్కలు సులువు కావడానికి దీర్ఘవృత్తాన్ని ఒక తాత్కాలిక పనిముట్టుగా వాడుకుంటూ కూడా, గ్రహమార్గం అదేనని గుర్తించలేదు. 1609లో పుస్తకం వెలువడేనాటికి గుర్తించాడు. పనిముట్టుగా చేతిలో ఉన్నదే సమాధానమని తెలియకపోవడం కెప్లర్‌కే జరిగిందంటే, మీకూ నాకూ జరగడంలో వింత లేదు.

ప్రశ్న: ఉపన్యాసం వద్దు. రేపటినుంచి చేయదగిన పని ఒక్కటి చెప్పండి.
— పేరు, వృత్తి రాయని పాఠకుడు

సమాధానం: చార్లెస్ డార్విన్ తన ఆత్మకథలో చెప్పుకున్న పద్ధతి ఒకటి ఉంది. తన నిర్ణయాలకు విరుద్ధంగా ఉన్న వాస్తవం గాని, ఆలోచన గాని ఎదురైతే, దాన్ని తప్పనిసరిగా అప్పటికప్పుడే రాసిపెట్టుకునేవాడు. అనుకూలమైన వాటికంటే అటువంటివి జ్ఞాపకంలోనుంచి త్వరగా జారిపోతాయని అతడు అనుభవంతో తెలుసుకున్నాడు. జేబులో పట్టే నోటుపుస్తకం ఒకటి కొనండి. అనుకూలమైన వాటిని అందులో రాయకండి.